దండ వేసిన ఫోటో

"కట్! కట్! ఆ దండ తీసిందెవరయ్యా?"

దర్శకుడు క్రాంతికుమార్ అరిచిన అరుపుకి ఫిల్మ్ నగర్ స్టూడియో పైరేకులు లేచి జూబ్లీ హిల్స్ మేడల మీద పడ్డాయేమో అనిపించింది.

సెట్లో ఓ పేదవాడి ఇల్లు. గోడకి ఫోటో.

ఫోటోలో ఒత్తైన జుట్టూ, గుబురు మీసమూ ఉన్న మనిషి. చొక్కా చెయ్యి పైకి మడిచి, సూది వేయించుకుంటూ, ముందు పన్ను లేని నోటితో పకపకా నవ్వుతున్నాడు.

దాని కింద, దండ చేత్తో పట్టుకుని ఓ పెద్దాయన. నున్నటి గుండు. మీసం కూడా దేవుడికే ఇచ్చొచ్చినట్టున్నాడు.

"జూనియర్ ఆర్టిస్టుల్లో కలిసి వచ్చేశాడు సార్," అంది అసిస్టెంటు మనోజ.

"ఏమయ్యా, చచ్చిపోయినవాడి ఫోటోకి దండ తీసేస్తే ఎలా?"

"ఈయన సచ్చిండని మీకెవరు జెప్పిండ్రు సార్?"

"నా కథ చెప్పింది!"

సెట్టంతా గొల్లుమంది.

ఆ కథ ఏమిటంటే, పెద్ద పెద్దవాళ్లంతా ఓ బంగళాలో కూర్చుని టీకాలో విషం కలుపుతారు. బీదవాళ్ల మీద ప్రయోగిస్తారు. మొదట పోయేవాడు ఈ ఫోటోలో మనిషి.

టీజర్ అప్పటికే ఊరూవాడా తిరుగుతోంది. అందులో ఈ ఫోటో ఉంది, దండతో సహా.

ఫోటో మనోజ ఇంటర్నెట్లోంచి తీసింది. "ఆ కొత్త టీకా పరీక్షించే రోజుల్లో అందరికన్నా ముందు వేయించుకున్నాయనట సార్," అని కూడా చెప్పింది.

"భలే! ఇంత నవ్వేవాడు పోతేనే జనం గుండె కలుక్కుమంటుంది," అని ఏరుకున్నది మాత్రం క్రాంతికుమారే.

పెద్దాయన దండ వదల్లేదు.

"మీ టీజర్ జూసి మా బస్తీల తల్లులు పిల్లలకు తట్టు సూది గూడ ఏపిస్తలేరు సార్. నేను ఇల్లిల్లు తిరిగి జెప్తున్న. నువ్వు ఆ సచ్చినాయన తమ్మునివి గదా, ఆ పెద్దోళ్లే పంపిండ్రా అంటున్నరు."

"ఓహో, తమ్ముడివా!"

"అందరు గట్లనే అంటున్నరు సార్. గానీ అసలు సంగతేందంటే..."

"సైలెన్స్! రోలింగ్!" మైకులో కేక.

షూటింగులో ఆ కేక పడితే తుమ్మొచ్చినా మింగాల్సిందే. పెద్దాయన కూడా చెప్పబోయేది మింగేశాడు.

షాట్ అయ్యేలోపు ఆయన్ని గేటు దాకా నడిపించేశారు.

"జర ఆ దండ తీసేయించు బిడ్డా," అన్నాడు మనోజతో. "నా కోసం గాదు. పిల్లల కోసం."

సాయంత్రం కారులో మనోజ ఉండబట్టలేక అడిగింది.

"మీరు ఆ కొత్త టీకా వేయించుకున్నారా సార్?"

"వేయించుకోకుండా ఉంటామా? ఒక్క ఫోన్ కొడితే ఇంటికే వచ్చి వేసి వెళ్లారు. మనం లైన్లో నిలబడతామేంటమ్మా!"

డ్రైవర్ లక్ష్మయ్య అద్దంలోంచి ఒకసారి వెనక్కి చూసి, రోడ్డు వైపు తిరిగాడు.

నెల తిరక్కుండానే ఓ పొద్దున లక్ష్మయ్య పనిలోకి రాలేదు.

"ఏంటయ్యా, బండెవరు తీస్తారు?" ఫోన్లో కసిరాడు క్రాంతికుమార్.

"దవాఖానల ఉన్న సార్. మనవరాలికి తట్టు. దమ్ము అందుతలేదు."

"సూది వేయించలేదా?"



"మా బిడ్డ మీ టీజర్ జూసింది సార్. సూది అంటేనే దర్వాజ ఏసింది. ఒక గుండు పెద్దాయన ఎన్నోమార్లు వచ్చి బతిలాడిండు. నేనే ఎల్లగొట్టిన."

"లక్ష్మయ్యా..."

"మీరేం జేస్తరు లే సార్. అది సినిమా. నమ్మినోళ్లం మేం."

తిట్టినా బావుండేది.

క్రాంతికుమార్ ఆటో ఎక్కి స్టూడియోకి పరుగెత్తాడు. అప్పటికే మనోజ ఎడిటింగ్ గదిలో ఉంది.

"టీజర్ తీయించేయ్. ఇప్పుడే!"

"తీయించేస్తాను సార్. కానీ జనం ఫోన్లలోంచి ఎలా తీస్తాం?"

క్రాంతికుమార్ కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు.

"ఆ పెద్దాయన్ని పట్టుకోవాలి. వాళ్లన్న బతికే ఉన్నాడని ఆయన చేతే జనానికి చెప్పించాలి. దండ తీసిన షాట్ పెట్టు. మొహం చూపించి వెతికిద్దాం."

చెడిపోయిన షాట్ కదా, ఆ రోజు ఎవరూ చూడలేదు. మనోజ వెతికి తెర మీద పెట్టింది.

పెద్దాయన మెల్లగా ఫ్రేములోకి వచ్చాడు. ఫోటోని చూశాడు. చుట్టూ చూశాడు. చెయ్యెత్తి దండ అందుకున్నాడు.

తనలో తనే ఏదో అనుకుని, ఫోటో వైపు చూసి పకపకా నవ్వాడు.

ముందు పన్ను లేదు.

మనోజ తెరని అక్కడే ఆపేసింది.

ఆ టీకా బతికిస్తుందో చంపుతుందో ఎవరికీ తెలియని రోజున, అందరికన్నా ముందు చెయ్యి చాచిన మనిషి, తన దండ తానే తీసుకుంటున్నాడు.