చప్పుడు లేని మిక్సీ

"వాట్లు తర్వాత జెప్పు. ముందుగాల సప్పుడు ఇనిపియ్యన్న," అంది రెజీనా.

దుకాణం నర్సింగం వెయ్యి వాట్ల మిక్సీ మీట వేశాడు. కౌంటరు అద్దం అదిరింది. రెజీనా తల అడ్డంగా ఊపింది.

అత్త ఎలిజబెత్ కళ్ళు మాత్రం దాన్ని వదల్లేదు. పసుపు కొమ్ములు, ఎండుకొబ్బరి కుడుకలు, క్రిస్మస్‌కు కైమా, ఏదైనా చిటికెలో అవుతుందని నర్సింగం ఊరిస్తున్నాడు. ఇంట్లో ఉన్న మిక్సీ కుడుకలకే పొగలు కక్కుతోంది.

"గిది మంచిగుంది గదనే."

"మీ కొడుకు లేస్తరు అత్తమ్మ."

శాంతిరాజ్ రాత్రి షిఫ్టు చేసి పొద్దున వచ్చి పడుకుంటాడు. వంటవేళ మిక్సీ వేస్తే చాలు, ఉలిక్కిపడి లేస్తాడు. మళ్ళీ కన్నంటుకోదు. ఆ ఎర్రటి కళ్ళతోనే గనిలోకి దిగుతాడు. అక్కడ కునుకు పడితే ఏమవుతుందోనని రెజీనా భయం.

"మిక్సీని జోకొట్టుకుంట తిప్పుతది నా కోడలు," అంది ఎలిజబెత్ నర్సింగంతో. "గింత తిప్పుడు, ఆపుడు. మల్ల గింత తిప్పుడు, ఆపుడు. అయినా వాడు లేస్తనే ఉంటడు."

నర్సింగం ఒక్కొక్కటే తీసి తిప్పాడు. రెజీనా గుమ్మం దాకా వెళ్ళి, కళ్ళు మూసుకుని వింది. చివరికి ఒకటి నచ్చింది. మోటారు చిన్నది, పసుపు కొమ్ములు వేయొద్దని అతను ముందే చెప్పాడు. ఎలిజబెత్ పెద్ద మిక్సీ మీద ఓసారి చెయ్యి వేసి తీసేసింది.

"పోనియ్ తియ్. పసుపు గిర్నీల పట్టిస్తం. పోరడు పండుకుంటె సాలు."

మర్నాడు శాంతిరాజ్ గదిలో గురకపెడుతుండగా రెజీనా పల్లీలు వేసి మీట నొక్కింది. సన్నటి రొద, అంతే. గురక సాగుతూనే ఉంది. అత్త కోడలి వైపు చూసి నవ్వింది. రెజీనా ధైర్యం తెచ్చుకుని, చట్నీ మెత్తబడేదాకా ఆపకుండా తిప్పి, మీట కట్టేసింది.

మంచం కిర్రుమంది. శాంతిరాజ్ గుమ్మంలోకి వచ్చేశాడు. నెత్తిమీద లేని గని టోపీ లైటు కోసం తడుముకుంటున్నాడు.

రెజీనా ముఖం చిన్నబోయింది. "గింత సప్పుడుకు గూడ లేసిన్రా?"

"సప్పుడుంటె మంచిగనే పండుకుంట," అన్నాడతను, గోడకు చేరగిలబడి ఊపిరి తీసుకుంటూ. "ఆగితెనే మెలకువైతది. కింద గనిల గాలి ఫ్యాను సప్పుడు ఆగిందంటె, అన్ని ఇడిసిపెట్టి బయటికి ఉరకాలె గదా."