పురికొస కొలత

"తాళాలు ఇచ్చెయ్యండి మావయ్యా. మీ డ్రైవింగుకి ఇక దండం!"

జీపు కింద నుంచి విప్పిన ట్రాన్స్‌ఫర్ కేసు బల్ల మీద తెరిచి చూపించాను. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ అందులోనే ఉంటుంది. దాని గేర్ల పళ్లు అరిగిపోయాయి, వాషర్లు కాగితంలా పలచబడ్డాయి.

"బురదలో డిఫరెన్షియల్‌కి లాక్ వెయ్యడం మర్చిపోయి చక్రాలు గిర్రున తిప్పారు. ఒప్పుకోండి."

"ఒట్టు అల్లుడూ! చెప్పులేసుకోవడం మర్చిపోతానేమో గానీ, అది మర్చిపోను."

అంటూనే తాళాలు బల్ల మీద పెట్టేశాడు.

మా ఆవిడ టీ గ్లాసులు దింపి, పురికొస తీసి ముందు టైరు చుట్టూ కొలిచింది. అదే కొలత వెనక టైరుకు చుడితే రెండు వేళ్ల పొడవు మిగిలింది.

"ముందూ వెనకా సమంగా తిరగకపోతే లోపలి పళ్లు రోజంతా నలుగుతాయని మీరేగా చెప్పారు? మరి ముందు మాత్రమే కొత్త టైర్లు వేసిన మేధావెవరు?"

మావయ్య నావైపు చూడకుండా టీ ఊదుకుంటున్నాడు. అది చూసి నాకు ఇంకా మండింది.

"వెనకవి ఇంకో ఏడాది వస్తాయనుకున్నా," అని గొణిగాను.

"నేనో మరి? ఇంకెన్నేళ్లు వస్తాననుకున్నావ్?" అన్నాడు మావయ్య.

నవ్వాపుకోలేకపోయాను. తాళాలు ఆయన జేబులో వేసి, వెనక చక్రాలు విప్పడానికి స్పానర్ అందుకున్నాను.