ఐదో నంబరు జెర్సీ

ఫుట్‌బాల్ క్లబ్బు నోటీసు బోర్డు మీద రేపటి జట్టు. ఐదో నంబరు ఎదురుగా క్లిఫ్ ఓగ్డెన్ పేరు లేదు. రిజర్వు జట్టులోని డెనిస్ పేరుంది.

క్లిఫ్ మూడుసార్లు చదివాడు. చెవులు వేడెక్కాయి.

యుద్ధానికి ముందునుంచీ ఆ జెర్సీ అతనిదే. దానికోసం ముక్కు మూడుసార్లు విరగ్గొట్టుకున్నాడు. అతని మీదికి ఒకసారి బంతి తెచ్చిన ఎదుటి జట్టు ఫార్వర్డు రెండోసారి తేవాలంటే జంకేవాడు. ఇన్నేళ్ళకు మొదటిసారి క్లబ్బు కప్పు పోటీలో ఆరో రౌండుకు వస్తే, పేరు లేదు!

ముసలి ట్రైనర్ ఆల్ఫ్ కట్లు చుట్టడం ఆపాడు.

"చింపెయ్, క్లిఫ్. ఎవడడుగుతాడు?"

"ఎవడూ అడగడు. అదే కదా దరిద్రం!"

బల్ల మీద పిడికిలితో గుద్ది బయటికి నడిచాడు.

ఇంట్లో ఎల్సీ అతని ముఖం చూసి, చేపలు వేగుతున్న పెనం దించేసింది.

"పేరు లేదా?"

"లేదు."

"కారణం?"

"మోకాలు."

"ఓహో! పదేళ్ళనుంచి ఆ మోకాలికి కాపడం పెడుతున్నది నేను. నన్నొక్క మాట అడిగాడా మీ మేనేజరు?"

"అడగలేదు."

"అయితే ఆ మహానుభావుడికి ఈ ఇంట్లో చుక్క టీ కూడా పుట్టదు. వెళ్ళి చెప్పు!"

"వినపడే ఉంటుంది," అన్నాడు క్లిఫ్, పళ్ళు బిగించి.

"నువ్వాడతావని మా అన్నయ్య రైలెక్కి వస్తున్నాడు. ఏం చెప్పను? ఈ ఒక్క మ్యాచ్, క్లిఫ్! ఆ తర్వాత ఆ జెర్సీని డెనిస్‌కే కట్టబెట్టమను."

ఆమె చేపలు కంచంలో వేసింది. క్లిఫ్ కంచం ముట్టలేదు.

శనివారం పొద్దున్నే మైదానానికి వెళ్ళాడు. వరండా ముందున్న నాలుగు మెట్లు ఎక్కేలోగా మోకాలు రెండుసార్లు మడతపడింది. దాన్ని తిట్టాడు. మేనేజర్ని అంతకన్నా ఘోరంగా, పేరు పెట్టి తిట్టాడు.

వరండాలో ఎవరూ లేరు. బోర్డు మీది జట్టు కాగితం పట్టుకుని లాగాడు. కింది మూల పిన్ను ఊడి నేలమీద పడింది. ఇంకొక్క లాగు లాగితే చాలు. మధ్యాహ్నం ఆ జెర్సీ తన ఒంటిమీద ఉంటుంది. స్టాండ్లన్నీ తన పేరే అరుస్తాయి.

కాగితం వదిలేశాడు.

చివరికి వంగి పిన్ను ఏరి, కాగితం కింది మూలలో, 'మేనేజరు' అని రాసి ఉన్నచోట తనే చేసిన సంతకం మీదే, దాన్ని బొటనవేలితో కసిగా గుచ్చాడు.