దొరగారి కోనెం

“ఎవలమ్మీ నువ్వు? తాడొగ్గీ! సేతులు కోసుకుపోతాయి.”

సూరయ్య గద్దించినా ఆ పిల్ల తాడు వదల్లేదు.

ఎండ మాడు పగలగొడుతోంది. ఒడ్డు మీద ఇరవై మంది రెండు తాళ్ళు పట్టుకుని, సముద్రంలో వేసిన పెద్ద వలను లాగుతున్నారు. నౌపడ స్టేషన్ వైపు నుంచి ఆటో వచ్చి ఆగడం, ఉన్ని కోటు వేసుకున్న ఈ పిల్ల దిగడం, కోటూ బూట్లూ ఆటోలో విసిరేసి సూరయ్య వెనకాలే తాడు పట్టుకోవడం, అన్నీ రెప్పపాటులో జరిగిపోయాయి.

“ఏ ఊరు?”

“బొబ్బిలి మావా. తొమ్మిది నెలలు సలి దేశాల్లో ఓడ మీద పనిసేసి, తెల్లారే విశాపట్నంలో విమానం దిగేను.”

“మరి ఇంటికి పోకుండా ఇటేటి పని?”

“ఒకలిని సూడాలి. సూసీసి ఎల్లిపోతాను.”

ఆమె ముఖం మీద చెమట ధారకట్టింది. తుడుచుకోదే! ఎవరో బహుమతి ఇచ్చినట్టు మురిసిపోతోంది.

“ఇలగ సెమట పట్టి ఎన్నాళ్ళయిందో మావా!”

“ఎర్రిబాగుల పిల్లలాగున్నావే,” అన్నాడు సూరయ్య.

నవ్వే ఓపిక అతనికి లేదు. పదిహేను రోజులుగా వల ఖాళీగానే వస్తోంది. ఇవాళా అంతే అయితే, రేపు అందరం గుజరాత్ బోట్లలో పనికి రైలెక్కేస్తామన్నారు జనం. పోతురాజైతే సంచి కూడా సర్దుకున్నాడు. లాగే మనుషులే పోతే తాతల నాటి వల చూరుకు వేలాడాల్సిందే.

ఉన్నట్టుండి తాడు బరువెక్కింది.

“సేపే మావా! సేపే పడ్డాది!” పోతురాజు కేక పెట్టాడు.

ఆ సంబరం తీరకుండానే తాడు ఫట్టున తెగింది. పది మంది ఇసుకలో వెల్లకిలా పడ్డారు. తెగిన కొస నీళ్ళలోకి జారిపోతోంది.

అందరికన్నా ముందు లేచింది ఆ పిల్లే. మొలలోతు నీళ్ళలోకి ఉరికి కొస దొరకబుచ్చుకుంది. సూరయ్య రెండో కొస అందించాడో లేదో, ఏదో తిప్పింది, ఏదో దూర్చింది, పళ్ళతో పట్టి బిగించింది.

“లాగండి!”

“ఆగుతాదా?” అన్నాడు సూరయ్య, తాడు అందుకుంటూ.

“ఆగుతాది మావా. పూచీ నాది.”

ఆగింది.

వల ఒడ్డెక్కేసరికి ఇసుక కనబడనన్ని చేపలు. కవళ్ళు, నెత్తళ్ళు, పారలు, వాటి నడుమ మూరెడు కోనెం ఒకటి ఎగిరెగిరి పడుతోంది. ఆడవాళ్ళు తట్టలతో పరుగెత్తుకొచ్చారు. పోతురాజు గెంతులేస్తున్నాడు.

“గుజరాతూ నేదు, గిజరాతూ నేదు!”

తాడు పట్టినవాళ్ళందరికీ వాటా ఇవ్వడం ఆ ఒడ్డు ఆచారం. సూరయ్య ఆమె ముందు తట్టెడు కవళ్ళు పెట్టాడు.

“ఇవొద్దు మావా. ఆ కోనెం ఇయ్యి. మాయమ్మ సేత పులుసెట్టించుకుని తినాలనున్నాది.”

సూరయ్య ముఖం ముడుచుకుంది.

“అదొక్కటీ అడక్కు. అది దొర వాటా. నీది కాదు.”

“ఏ దొర?”

“రెండేళ్ళ కిందట గాలివానకి నా తెప్ప తిరగబడిపోనాది. అటేపు ఎల్తన్న పెద్ద ఓడ ఆగిందట. అందులోంచి ఎవలో మారాజు సముద్రంలోకి దిగి, నా నడుంకి తాడు కట్టి పైకి లాగించేడట. నాకప్పుడు ఒంటి మీద తెలివి నేదు. ఆసుపత్రిలో కళ్ళిప్పేసరికి నడుంకి తాడు ముక్క, దానికి ముడి. ఆ ముడి ఇప్పకుండా అమ్మోరి పక్కనెట్టి మొక్కుతన్నాను. వలలో పడ్డ మంచి సేప ఆ బాబు పేరు సెప్పి సముద్రానికే ఇచ్చీడం. ఆరడుగుల దొరై ఉంటాడు. నేకపోతే నన్ను మొయ్యగలడా?”

ఆ పిల్ల అతన్ని ఎగాదిగా చూసింది.

“ఇప్పుడు ఒంట్లో బాగున్నాదా మావా?”

“నాకేటి? గుండ్రాయిలాగున్నాను!”

ఆమె అప్పుడు, మొదటిసారి, ముఖం మీద చెమట తుడుచుకుంది.

“అయితే ఆయనకే పంపు. అందుతాదిలే.”

సూరయ్య మోకాలిలోతు నీళ్ళలోకి దిగి కోనేన్ని వదిలాడు. అది తోక ఆడించి మాయమైంది. వెనక్కి తిరిగేసరికి ఆటో కదులుతోంది. తట్టెడు కవళ్ళూ అక్కడే ఉన్నాయి.

“ఒకలిని సూడాలన్నావు గదమ్మీ?” అని అరిచాడు.

“సూసీసేను మావా!”

ఆటో ఉప్పుమడుల వైపు వెళ్ళిపోయింది. పేరైనా అడగలేదే అనుకున్నాడు సూరయ్య.

చేపలన్నీ పంచాక, తాడు చుడుతున్న పోతురాజు ఆగాడు.

“ఇదేటి ముడి మావా? మనోళ్ళెవలూ ఇలగ ఎయ్యరే!”

సూరయ్య వంగి చూశాడు. మూడు చుట్లు. కొస వెనక్కి తిరిగి నడుమలోంచి దూరింది.

తాడు భుజాన వేసుకుని ఇంటికి పరుగెత్తాడు. అమ్మోరి పక్కనున్న తాడు ముక్క తీసి పక్కన పెట్టాడు. మూడు చుట్లు. వెనక్కి తిరిగి నడుమలోంచి దూరిన కొస.

“ఏటయ్యిందయ్యా?” భార్య దాలమ్మ కంగారుపడింది.

సూరయ్యకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆనందం పట్టలేక వీధంతా వినబడేలా అరిచాడు.

“దొర మన ఒడ్డుకొచ్చినాదే దాలమ్మా! తన కోనెం తనే అడిగితే నీది కాదు పొమ్మన్నాను, ఆ బొబ్బిలి పిల్లేనే మన దొర!”