కొత్త బ్లేడు

నేను ఎయిడ్స్ టెస్టు చేయించుకున్నానని హెబ్బగోడిలో మా వీధంతా పాకిపోయింది. మునెప్ప కటింగ్ షాపులో గడ్డానికి కూర్చోగానే, బల్లమీద తన వంతుకు కాచుకున్నవాడు లేచి గుమ్మంలో నిలబడ్డాడు.

మునెప్ప ఎన్నడూ లేనిది కొత్త బ్లేడు విప్పాడు. గీకడం అయ్యాక దాన్ని రెండు వేళ్లతో పట్టి చెత్తబుట్టలోకి విసిరాడు.

"ఇంక ఈపక్క రావద్దప్పా, గిరాకీ పోతాది."

"పోయిన నెల నీ పాత బ్లేడు గాటు పడినందుకే భయపడి టెస్టుకు పోయింటినప్పా. నాకేమీ లేదంట, చూడు." రిపోర్టు అద్దం ముందు పెట్టాను.

మునెప్ప మొహం వెలిగింది. "ముందే చెప్పకూడదా! కొత్త బ్లేడు దండగైపాయ" అంటూ బుట్టలో వెంట్రుకలు కెలికి దాన్ని బయటికి తీశాడు.

నేను కుర్చీ దిగాను.

గుమ్మంలో ఉన్నవాడు వచ్చి నా కుర్చీలో కూర్చుని, నిశ్చింతగా గడ్డం పైకెత్తాడు.