గంటమ్మ గొంతు

ఆ ఉదయం ఆకాశం దుప్పటి ముసుగు తీయలేదు. సన్నగా తుంపర పడుతోంది. సెట్టు గోడలన్నీ అట్టలే, అట్టల మీద రంగులింకా పచ్చిగానే ఉన్నాయి. పనివాళ్ళు ప్లాస్టిక్ పట్టాలు పట్టుకొని అటూ ఇటూ పరుగెడుతుంటే, నిర్మాత ఆ వానలోనూ చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"బొమ్మలాయన బయలుదేరాడట. వెంట ఇంటావిడ కూడా!"

గంటమ్మ వేషంలో ఉన్న నటి చేతిలోంచి గరిటె జారి కింద పడింది.

బొమ్మలాయన వారపత్రికలో గీసే బొమ్మలకథను పాటల సినిమాగా తీస్తున్నారు. కథంతా ఒక్క ఇంట్లోనే. నడుం మీద ఒక చెయ్యి, గాల్లో గరిటె, "నేను లేకపోతే ఈ ఇల్లేమైపోవును?" అని గంటమ్మ ఒకటే అరుపు. ఎదురుగా భర్త. బొమ్మల్లో అతనికి పేరు లేదు, మాట లేదు. తిట్లు మొదలవగానే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు, అంతే. గంటమ్మ అరుపులు రాసిన తెల్లటి అట్టబుడగలను వడ్రంగి తాడుతో ఆమె తలమీదకు దించుతూ ఉంటాడు. భర్త వేషగాడి కోసం ఒక్క బుడగైనా కోయలేదు.

"వస్తే రానీ. వచ్చి మనల్ని కొరుకుతుందా?" అన్నాడు మేకప్ తాత.

"కొరికినా బాగుండును తాతా! గంటమ్మంటే ఆయన పెళ్ళామేనని లోకమంతా అనుకుంటోంది. బొమ్మల హక్కులేమో ఆవిడ పేరున ఉన్నాయి. నన్నింత గయ్యాళిని చేస్తారా అని ఒళ్ళు మండిందా, ఇవాళే మనం పెట్టేబేడా సర్దుకోవాలి," అన్నాడు నిర్మాత.

నటి వంగి గరిటె తీసుకుంది. పొరుగింటి పిన్నిగా, నర్సుగా వచ్చి పోవడమే తప్ప పేరున్న వేషం ఆమెకిదే మొదలు. పాటలన్నీ తనవే.

"తాతా, ఈ ముక్కు కాస్త తగ్గించు. మరీ గద్దముక్కులా ఉంది."

"ముక్కు నేను తగ్గిస్తానమ్మా. గొంతెవడు తగ్గిస్తాడు?"

"వచ్చిన వేషం చేజారేలా ఉంటే నీకు వేళాకోళంగా ఉందా?"

కారు వచ్చి ఆగింది. బొమ్మలాయన కంటే ముందు ఆయన మాటలు దిగాయి.

"గొడుగు తెచ్చావా? తెచ్చి ఉండవు, నాకు తెలుసు. బురద చూసుకొని అడుగెయ్యి. నేను లేకపోతే నువ్వేమైపోదువు?"

సొంత బొమ్మలో మాట భలే అన్నాడని అందరూ గొల్లున నవ్వారు. వెనకే దిగిన ఇంటావిడ నవ్వలేదు. చూపించిన కుర్చీలో ముడుచుకొని కూర్చుంది. బక్కపలుచని మనిషి. ముఖంలో మంచీ లేదు, చెడూ లేదు.

పాట మొదలైంది. నటి ఆవిడ వైపు చూసింది. చూడగానే సగం గొంతు లోపలే ఉండిపోయింది.

"కట్! అక్కా, గంటమ్మ జోల పాడుతోందా? పైకప్పు లేచిపోవాలి!" అని దర్శకుడు కసిరాడు.

ఇంక ఏదైతే అదవుతుందని నటి కళ్ళు మూసుకుంది. నడుం మీద చెయ్యి వేసి, గరిటె ఎత్తి, కడుపులోంచి పాట ఎత్తుకుంది. అట్టగోడలు అదిరాయి. బుడగ మీద బుడగ దిగింది. పాటయ్యాక కళ్ళు తెరిచి చూస్తే, ఆవిడ కళ్ళద్దాలు ఒళ్ళో ఉన్నాయి. తల వంచుకొని ఉంది.

"ఏడిపించేశాం. అయిపోయింది మన పని," అని గొణిగాడు నిర్మాత.

ఆవిడ లేచి, "భోజనాల వేళయింది కదా. తిన్నాక చెప్తాను," అంది. వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ నోరు విప్పింది అప్పుడే.

పొడుగు బల్లకు రెండు వైపులా అందరూ కూర్చున్నారు. ఎవరికీ ముద్ద దిగడం లేదు. బొమ్మలాయన ఒక్కడే ఆగకుండా మాట్లాడుతున్నాడు.

"గరిటె అలాగేనా పట్టుకునేది? ఎన్నిసార్లు గీసి చూపించానయ్యా! ఒక్కడికీ పట్టదు. అన్నీ నేనే చూసుకోవాలి!" పట్టుకొని చూపించడానికి లేచి నిలబడ్డాడు. ఒక చెయ్యి నడుం మీద వేశాడు. రెండో చేత్తో చెంచా గాల్లోకి ఎత్తాడు.

ఆవిడ కంచం పక్కకు జరిపింది.

"బాగుంది. తీసుకోండి సినిమా."

బల్ల పొడుగునా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. నిర్మాత రెండు చేతులూ జోడించాడు.

"ఒక్కటి మాత్రం చెయ్యాలి," అందావిడ. చేతులు జోడించినవి జోడించినట్టే ఆగిపోయాయి. ఆవిడ బల్ల చివర కూర్చున్న భర్త వేషగాడిని చూపించింది. "పాపం, అతనికీ ఒక పాట పెట్టండి."

"ఆ భర్త బొమ్మల్లో నోరే విప్పడు కదమ్మా!" అన్నాడు దర్శకుడు.

"అందుకే పెట్టమంటున్నాను."

నటి ఉండబట్టలేకపోయింది. "నా మీద కోపం లేదు కదమ్మా? మీలాంటి మనిషిని పట్టుకొని అంత గయ్యాళిగా ఆడాను."

"నన్నెక్కడ ఆడావు తల్లీ? మా ఆయన్ని ఆడావు. అచ్చం దింపేశావు." ఆవిడ మొదటిసారి నవ్వింది. "అద్దాలు తుడుచుకునేది నేను. ఎవరికీ చెప్పనన్నాననేగా, బొమ్మల హక్కులన్నీ నా పేరున రాశారు!"

నటికి అప్పుడు తెలిసింది, తనకెంత ఆకలిగా ఉందో. అందరూ తలలు వంచుకొని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా తిన్నారు. బొమ్మలాయన మెల్లగా చెంచా దించి, కూర్చొని, కళ్ళద్దాలు తీసి తుడుచుకోసాగాడు.