రైలు రాళ్లు

1980లో ఢిల్లీ సర్కారు మళ్లీ మారింది. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పానికి రైలు వేస్తామంటూ సర్వే కూడా మళ్లీ మొదలైంది.

సర్వేయరు లక్ష్మీపతి పుంగనూరు బయట బయ్యమ్మ చేలోకి తిట్లకు సిద్ధపడే దిగాడు. రైలొస్తే ఆమె చేను సగం పోతుంది. పోయిన సర్కారప్పుడు ఇదే పని మీద వస్తే దుమ్మెత్తిపోసింది.

ఈసారి బయ్యమ్మ తిట్టలేదు. చెంబెడు మజ్జిగ చేతికిచ్చింది.

"రాళ్లు లోతుగా నాటబాకప్పా. ఎండలో యాల కష్టపడతావు?"

ఆయన కరిగిపోయాడు. "పోయినసారి నేను నాటించిన రాళ్లు ఏవమ్మా?"

"ఆ సర్కారే నిలబళ్లేదు. రాళ్లు నిలబడతాయా?"

అదీ నిజమే అనిపించింది. పాత రాళ్లు కనబడలేదని పుస్తకంలో రాసుకుని, కొత్తవి రెండు పైపైన నాటించాడు.

సాయంత్రం చెంబు తిరిగివ్వడానికి ఆమె ఇంటి వెనక్కి వెళ్లాడు. కొట్టంలో ఆరు పుంగనూరు ఆవులు, నడుమెత్తు కూడా లేనివి. అందులో నాలుగింటిని నాలుగు రాళ్లకు కట్టేసి ఉంది. ప్రతి రాయి మీదా సర్వే నంబరు, ఆయన చేతిరాతే.

"ఇవి రైలు రాళ్లు కదమ్మా!"

"పొట్టావులకు సరిగ్గా సరిపోయినాయప్పా. మిగిలిన రెండిటికీ ఈ పొద్దు నాటిపెడితివి కదా."

బయ్యమ్మ చెంబు అందుకుని, ఎర్రావు వీపు నిమురుతూ అడిగింది.

"ఇది సూడితో ఉండాది. మళ్లా ఎలచ్చన్లు ఎప్పుడప్పా?"